గడిలో తెల్లగా, మా గోడ మీద నీలంగా

మా చుట్టాల్లో కొందరు ఇప్పటికీ దాన్ని దొంగరాయి అంటారు. పెళ్లిళ్లలోనో చావుల్లోనో కలిసినప్పుడు ఎవరో ఒకరు ఆ మాట తీస్తారు, తీసి నవ్వుతారు. నేను నవ్వను. ఆ రాయి ఏ దొంగతనమూ చేయలేదు, మేమూ చేయలేదు. ఈ సంగతి నా చేత్తో నేనే రాసి పెట్టాలని చాలా ఏళ్లుగా అనుకుంటున్నాను. నలభై దాటాక పెద్దల బడిలో అక్షరాలు దిద్దుకున్నదాన్ని కాబట్టి నా రాత వంకరగానే ఉంటుంది. మాట మాత్రం వంకర కాదు.

మాది బావులు తవ్వే కుటుంబం. సిద్దిపేట చివర మా గుడిసెలుండేవి. ఎండలు ముదిరాయంటే గడ్డపారలు, సమ్మెటలు, ఉలులు సర్దుకుని ఊళ్ల మీద పడేవాళ్లం. మగవాళ్లు బండ పగలగొడితే ఆడవాళ్లం గంపలతో పైకి మోసేవాళ్లం. నేను కోడలిగా వచ్చిన మూడో ఎండాకాలం అది. నాకు పద్దెనిమిదేళ్లు ఉండొచ్చు. ఎక్కడో పెద్ద యుద్ధం నడుస్తోందనీ, అందుకే బండను పేల్చే మందు దొరకడం లేదనీ అనుకునేవాళ్లు. ఆ ఏడు బావి మొత్తం చేతులతోనే తవ్వాం. మందు పెట్టి ఉంటే ఆ రాయి పిండి పిండి అయ్యేది, నేను రాయడానికి ఏమీ ఉండేది కాదు.

బావి ఒక దొరది. ఆ ఊరు సిద్దిపేటకు రెండు కోసుల దూరమే, అందుకని ఆ ఏడు మా గుడిసెల నుంచే పనికి పోయి వచ్చేవాళ్లం. పేరు చెప్పను. భయపడి కాదు. ఆయన పేరు నా రాతలోకి ఎక్కడం నాకు ఇష్టం లేదు.

మా పనిలో ఒక ఆచారముంది. తవ్వగా తవ్వగా బండలో మొదటిసారి చెమ్మ తగిలిన చోట ఒక రాయి తీసి, బావి అడుగునే దాన్ని రెండుగా పగలగొట్టాలి. ఒక సగం బావి గలవాళ్లకు, ఒక సగం తవ్వినవాళ్లకు. బావి గలవాళ్లు తమ సగాన్ని తడిగుడ్డలో చుట్టి, పెట్టెలో పెట్టి, దేవుడి అర్రలో చీకట్లో ఉంచాలి. తవ్వినవాళ్లు తమ సగాన్ని ఇంటి ముందు గోడ మీద ఎండలో పెట్టాలి. మా రాయి ఎండితే వాళ్ల బావి ఊరుతుందని నమ్మకం. ఎవరు ఎండితే ఎవరికి నీళ్లొస్తాయో ఆ ఆచారం పెట్టినవాడికి బాగా తెలుసని ఇప్పుడు అనిపిస్తుంది. అప్పుడు అలాంటి ఆలోచనలేవీ లేవు. పసుపు రాసి, బొట్టు పెట్టి, మా సగాన్ని నేనే గోడ మీద పెట్టాను.

ఆ రాయి తీసినప్పుడు నేను బావి అడుగునే ఉన్నాను. నల్లబండ మధ్యలోంచి జానెడు వెడల్పున తెల్లటి చార ఒకటి ఏటవాలుగా దిగింది. ఆ చారలో పలుకులన్నీ పెద్దవి. కాకిబంగారం రేకులు అరచేయంత ఉన్నాయి. చెమ్మ అక్కడే తగిలింది. మా ఇంటాయన రెండు పిడికిళ్లంత రాయిని తీసి, ఉలి పెట్టి ఒక్క దెబ్బ కొట్టాడు. లోపల చిన్న గుంట. గుంట నిండా కలకండ పలుకుల్లాంటివి, కాకపోతే పలచగా, రేకులు రేకులుగా. రంగనేదే లేదు, వెనక వేలు పెడితే వేలు కనిపించింది. రెండు సగాల్లోనూ ఒకే రకంగా ఉన్నాయి. ఒక సగాన్ని తడిగుడ్డలో చుట్టి గంపలో పైకి పంపాం. పైన దొర గుమాస్తా దాన్ని అందుకుని గడికి, అంటే కోటలాంటి దొర ఇంటికి, తీసుకుపోయాడు. రెండో సగాన్ని అతను చూడలేదు.

గోడ కడిగి రాయికి పసుపు రాయడం రోజూ నా పని. నాలుగో రోజుకు పలుకుల అంచుల్లో కాస్త నీలం కనిపించింది. పసుపుతో ఏదో అయిందనుకుని పలుకుల మీద పసుపు రాయడం మానేశాను. అయినా నీలం ఆగలేదు. పది రోజులకు నీలిమందులో ముంచి తీసినట్టయింది. తిప్పి చూస్తే గోడ వైపున్న పలుకులు ఇంకా తెల్లగానే ఉన్నాయి. మా అత్తకు చూపిస్తే, "గంగమ్మ రంగు అచ్చింది బిడ్డా, బావి మంచిగూర్తది" అని మురిసిపోయింది. నేనూ మురిశాను. అదే మా కొంప ముంచింది.

ఆ మర్నాడే గుమాస్తా ఏదో పని మీద మా గుడిసెకు వచ్చాడు. గోడ దగ్గర ఆగిపోయాడు, ఉంగరాల్లో పొదిగే నీలమణి అనుకుని.

"ఏందిది? గీ నీలం యాడ దొరికింది మీకు?"

"నీలం గాదయ్యా, బావిల ఎల్లిన రాయి. మీకిచ్చిన దాని రెండో సగమే" అన్నాను.

"మాకిచ్చింది తెల్లగున్నది గద."

"మాది గూడ తెల్లగనే ఉండె. ఎండకు గిట్లయింది."

అతను పకపకా నవ్వాడు. "ఎండకు బట్ట ఎలుస్తది, మనిషి నల్లవడ్తడు. రాయి నీలమైతదా? ఎవలకు జెప్తున్నవే?"

రాయినీ, మా ఇంటాయననూ కలిపి గడికి తీసుకుపోయాడు. నేను వెనకాలే పరిగెత్తాను, నా వెనక మా అత్త.

గడి వాకిట్లో దొర కుర్చీలో కూర్చుని ఉన్నాడు. దేవుడి అర్రలోంచి పెట్టె తెప్పించి, తడిగుడ్డ విప్పి, ఆ సగాన్ని బయటికి తీశారు. అది ఇంకా తెల్లగానే ఉంది. రెండు సగాలనూ దగ్గర పెడితే అంచుకు అంచు సరిపోయింది. ఇక నిజం తేలిపోయిందని నేను సంబరపడ్డాను. ఎంత పిచ్చిదాన్నో! దొర మెల్లగా తలాడించి, "అవ్ మరి, ఒక్క రాయే. మంచి సగం మీరు దాసుకొని, పనికిరాని సగం నా దేవుని అర్రల వెట్టిచ్చిన్రు" అన్నాడు.

మా ఇంటాయన మాట తక్కువ మనిషి. ఆ రోజు ఆయన నోటి నుంచి వచ్చింది ఇంతే: "నేను దొంగతనం జెయ్యలె దొరా. రెండూ ఒక్కతీరుగనే ఉండె."

ఎవరూ వినలేదు. ఆయనను వాకిట్లో వంగోబెట్టి వీపు మీద బండ ఎత్తారు. ఆ రోజుల్లో దొరల గడుల్లో అది మామూలు శిక్ష. పొద్దుటి నుంచి సూర్యుడు నెత్తి మీదికి వచ్చేదాకా, మళ్లీ పొద్దు వాలేదాకా. బండ జారితే మొదటి నుంచి మళ్లీ. రాత్రికి కొట్టంలో పడేస్తారు.

గుమాస్తా ఒక కాగితం తెచ్చాడు. "నీలం దొంగతనం జేసిన, మల్ల తెచ్చి ఇచ్చిన అని ఉన్నది. ముద్ర ఏసి ఇంటికి వో. దొర మాఫీ జేస్తడు" అన్నాడు, మాకేదో మేలు చేస్తున్నట్టు.

మా అత్త నా చెయ్యి పట్టుకుంది. "ఏపియ్యవే బిడ్డా. పానం దక్కుతది."

నేను వద్దన్నాను. అందరి ముందూ, అంత పెద్ద గొంతుతో అన్నానని తర్వాత చెప్పారు. ఎందుకన్నానో చెప్పాలి. బావి తవ్వేవాడు నెలల తరబడి ఊరివాళ్ల చేల మధ్య పడుకుంటాడు. వాళ్ల ఇళ్ల ముందు తిరుగుతాడు. దొంగ అని ఒక కాగితం మీద పడిందంటే ఏ ఊరూ పిలవదు. అంతటితో పోదు. మా కులం మీద ముందే ఠాణా వాళ్ల కన్ను. ఏ ఊళ్లో ఏది పోయినా ఆ ముద్ర వేసినవాడి ఇంటికి వస్తారు, వాడి కొడుకు ఇంటికీ వస్తారు. ఆ కాగితం మా ఆయనను ఇంటికి పంపేది నిజమే, బతికినన్నాళ్లూ తల వంచుకుని ఉండటానికి పంపేది.

దొర సిద్దిపేట నుంచి అవుసులాయనను పిలిపించాడు, బంగారం పని చేసే మనిషిని. ఆయన మా సగాన్ని చేతిలోకి తీసుకుని గోటితో గీశాడు. గీత పడింది, పొడి రాలింది. ఆయన ముఖం చూస్తేనే నాకు అర్థమైంది, అది నీలం కాదని ఆయనకు ఆ క్షణమే తెలిసిపోయింది. కానీ ఆయన దొర ముఖం చూసి, గుమాస్తా ముఖం చూసి, "పట్నం తోలి పరీచ్చ జేయియ్యాలె దొరా" అని నసిగాడు.

నాకు ఒళ్లు మండింది. "గోరుతోని గీరితె పొడి రాలే రాయి నీలమైతదా? నీ అవుసులతనం గింతేనా?" అన్నాను.

"ఇంక ముదరలే. ముదిరితె గట్టివడ్తది" అన్నాడు గుమాస్తా.

ముదరని నీలమట! బెండకాయ అనుకున్నాడేమో. వాకిట్లో ఉన్నవాళ్లలో ఒకరిద్దరు నవ్వు ఆపుకోలేక తల తిప్పుకున్నారు. ఆ నవ్వు చూసి నాకు ధైర్యం వచ్చింది. దొర ముందుకు వెళ్లి నిలబడ్డాను.

"దొరా, మీ సగాన్ని ఎండల వెట్టుండ్రి. నేను ముట్ట. మీ గుమాస్తా చేతులతోనే వెట్టుమనుండ్రి. మూడు దినాలల్ల నీలం గాకపోతె ఆయనతోని ముద్ర ఏపిస్త, నేను గూడ ఏస్త."

దొర నన్ను కింది నుంచి పైకి చూశాడు. ఆడది, అందులోనూ గంపలు మోసే ఆడది, తనకు గడువు పెట్టడం ఆయనకు వింతగా తోచి ఉంటుంది. కోడిపందెం చూసే మనిషిలా నవ్వి, సరేనన్నాడు. "అందాక వాడు మాత్రం బండ దించేది లేదు" అన్నాడు.

ఆ షరతుకు నేను ఒప్పుకున్నాను. మోయాల్సింది నేను కాదు కాబట్టి ఒప్పుకున్నానేమోనని ఇన్నేళ్లలో నన్ను నేను ఎన్నిసార్లు ప్రశ్నించుకున్నానో. ఒప్పుకోకపోతే మాత్రం సిగ్గుతో చచ్చేదాన్నని తెలుసు.

వాకిలి మధ్యలో ఇత్తడి పళ్లెం పెట్టి, అందులో గుమాస్తా ఆ తెల్ల సగాన్ని ఉంచాడు. పళ్లెం చుట్టూ ముగ్గుతో గీత గీయమన్నాను. ఆ గీత దాటి ఎవరూ రాకూడదు, నేను కూడా. నేను గీత అవతల మట్టిలో కూర్చున్నాను. గడి ముందు మా వాళ్లు కూర్చోకూడదు, వంగి నిలబడాలి. లేవమని గుమాస్తా రెండుసార్లు అరిచాడు. "రాయిని మారుస్తరేమో, కావలి ఉంట" అన్నాను. మూడోసారి అరవలేదు. పళ్లెం ఒక చోట, మా ఆయన ఇంకో చోట, రెండు చోట్లూ నా కళ్లకు ఒకేసారి కనపడేవి.

మొదటి రోజు మబ్బు పట్టింది. వేసవిలో ఆ ఒక్క రోజే మబ్బు పట్టాలా! రాయి పొద్దున ఎలా ఉందో సాయంత్రం అలాగే ఉంది. గుమాస్తా వచ్చి తొంగి చూసి, "ఏమాయె?" అని నవ్వుకుంటూ పోయాడు. సాయంత్రం రాయిని పెట్టెలో పెట్టి తాళం వేయించాను. పొద్దున మళ్లీ నా ముందే తీయించాను.

అప్పుడు నాకు తెలిసింది ఒక్కటే, మా గోడ మీద అది నీలమైంది. ఎందుకైందో తెలియదు. ఎన్ని రోజులు పడుతుందో కూడా సరిగ్గా తెలియదు, మూడు అనేది నోటికి వచ్చిన అంకె. ఎందుకైందో చాలా ఏళ్ల తర్వాత, మా మనవరాలి కాలేజీలో రాళ్ల గురించి చెప్పే సారు చెప్పాడు. గ్రానైటు బండ లోపల చల్లారుతున్నప్పుడు చివరగా మిగిలిన రసం చారలుగా గడ్డకడుతుందట. అందుకే ఆ చారలో పలుకులు అంత పెద్దవిగా పెరుగుతాయట. ఆ చారలోని ఇనుమూ భాస్వరమూ నేల నీటితో కలిసి, ఎంతో కాలానికి ఎక్కడో ఒక చోట ఇలాంటి రాయిగా మారతాయట. దాని పేరు వివియనైట్ అన్నాడు. దానిలో ప్రతి పలుకులోనూ పావు వంతుకు పైగా నీరే దాగి ఉంటుందట. నేల కింద చీకట్లో, తడిలో ఉన్నంత కాలం దానికి రంగుండదు. బయటికి తీసి వెలుగులో పెడితే లోపలి ఇనుము మారి నీలం తిరుగుతుంది. ఇంకా ఉంచితే నల్లబడుతుంది. గోటికే గీసుకుపోయేంత మెత్తన. నిప్పుసెగ తగిలితే లోపలి నీరంతా పోయి, రేకులు విచ్చుకుని, చివరికి గోధుమ రంగు పొడి మిగులుతుంది.

నేను నవ్వాను. దొర తర్వాత ఆ రెండు సగాలనూ మాకు ఇవ్వకుండా తానే ఉంచుకుని, ఒక పలుకును ఉంగరంలో పొదగమని అదే అవుసులాయనకు ఇచ్చాడని విన్నాం. కుంపటి దగ్గర ఏమైందో సారు చెప్పినదాన్ని బట్టి నేను ఊహించుకోగలను.

"చాలా అరుదైన రాయమ్మా" అన్నాడు సారు.

"మా మాట నమ్మిన దొర గంతకంటె అరుదు సారూ" అన్నాను.

రెండో రోజు ఎండ మండిపోయింది. మధ్యాహ్నానికి పలుకుల అంచుల్లో ఏదో నీడలాంటిది కనిపించినట్టూ, కనిపించనట్టూ ఉంది. నీలమని నేను అంటే, "నీ కండ్లల్ల నీలం" అన్నాడు గుమాస్తా. నా కళ్లను నేనే నమ్మలేని స్థితి. ఆ సాయంత్రం బండ దించి మా ఆయనను కొట్టంలోకి తీసుకుపోతుంటే, కుండలో నీళ్లు ఇవ్వడానికి నన్ను రానిచ్చారు. ఆయన వీపు చూశాను. దాని గురించి రాయను.

"ముద్ర ఏస్త. ఇంటికి వోదాం" అన్నాడు.

నేను నీళ్లు పోస్తూనే ఉన్నాను.

"ఇంటున్నవా? ఇగ నాతోని గాదు."

"ఒక్క దినం" అన్నాను. "ఒక్కటే దినం. రంగు దిరుగుతున్నది, నేను జూసిన."

అబద్ధం చెప్పానో నిజం చెప్పానో ఆ క్షణంలో నాకే తెలియదు. ఆయన నా ముఖంలోకి చాలాసేపు చూసి, చేతులు కడుక్కుని, లోపలికి పోయాడు. ఆ రాత్రి మా అత్త అన్నం నా ముందు పెట్టి, అటు తిరిగి పడుకుంది. ఆమె కొడుకు వీపు మీద నా పంతం ఎక్కించానని ఆమె కోపం. తప్పు కోపం కాదు. అయినా నేను దిగలేదు.

మూడో రోజు పొద్దెక్కే సరికి అనుమానం లేకుండా కనిపించింది. అంచులు ముందు, ఆ తర్వాత రేకుల మధ్య చీలికలు, ఆ తర్వాత పైనున్న పలుకులన్నీ. మా గోడ మీద పది రోజులకు వచ్చినంత చిక్కని నీలం కాదు, పలచనిదే. కానీ నీలమే. నేను పిలవలేదు. గడిలో నీళ్లు మోసే మనిషి ముందు చూసి కడవ దించింది. తర్వాత గొర్లకాపరి ఒకడు. మధ్యాహ్నానికి గీత చుట్టూ ఊరు సగం చేరింది. గుమాస్తా జనాన్ని తోసుకుని వచ్చాడు. పసుపుతో ఏదో మంత్రం చేశానని గొణిగాడు. "రాయి వెట్టింది నువ్వు, తీసింది నువ్వు, తాళమేసింది నువ్వు. మంత్రం నాదెట్లయితది?" అన్నాను. జనంలోంచి ఎవరో గట్టిగానే నవ్వారు.

దొర లేచి వచ్చాడు. పళ్లెం మీదికి వంగి చూశాడు. రాయిని తిప్పాడు. పళ్లేనికి ఆనుకున్న వైపు ఇంకా తెల్లగానే ఉంది. మా సగాన్ని తెప్పించి పక్కన పెట్టాడు. అంతలో, ఎప్పుడు వచ్చి చేరాడో గాని, అవుసులాయన గొంతు సవరించుకుని, "నీలం గాదు దొరా, నేను మొదలే అనుకున్న" అన్నాడు. ఆయన వైపు నేను చూసిన చూపుకు రాయి ఎండలో పెట్టకుండానే రంగు మారి ఉండేది.

"సరె తీయ్" అన్నాడు దొర. "ఆ బండ దించుండ్రి. రాయే సాచ్చెం జెప్పింది. నువ్వు దొంగవు గాదు, పో."

గెలిచాను. నా ఒళ్లంతా పొంగింది. ముద్ర లేదు, కాగితం లేదు, గుమాస్తా తల వంచుకుని ఉన్నాడు. మా అత్త ఏడుస్తూ నా భుజం పట్టుకుంది. ఊరంతా నా వైపే చూస్తోంది, నేనూ ఊరంతటినీ తిరిగి చూశాను. మూడు రోజులు మట్టిలో కూర్చున్న నడుము నొప్పి కూడా తెలియలేదు.

ఇద్దరు మనుషులు బండ దించారు. మా ఇంటాయన వెంటనే లేవలేకపోయాడు. మోకాళ్ల మీద చేతులు ఆనించి, కొద్దికొద్దిగా నడుము ఎత్తాడు, పూర్తిగా నిలబడలేకపోయాడు. అలాంటప్పుడు అనాల్సిన మాట ఒకటుంది, నీ బాంచెను దొరా అని, అంటే నీ బానిసనని. అందరూ దాని కోసమే చూస్తున్నారు. గుమాస్తా చేత్తో సైగ కూడా చేశాడు. నేనూ ఆ మాటే వస్తుందనుకున్నాను, రానీ, ఇంటికి పోదాం అనుకున్నాను.

ఆయన ముఖం ఎత్తి దొర కళ్లలోకి చూశాడు.

"రాయి మూడు దినాలకు జెప్పింది దొరా. నేను మొదటి దినమే జెప్పిన."